ఏ ద్రవంలో?

విస్తులా నది అంచులు గడ్డకట్టిన వారం.
తోరున్ ఊళ్ళో, మూడో అంతస్తు ల్యాబులో
బ్రిగిదా సీసాలు కడుగుతోంది.
ఇరవై రెండేళ్ళ పని.
చేతుల్ని అసిటోన్ వాసన వదలదు,
ఆ ఊరి అల్లం రొట్టెల వాసనా వదలదు.

కిటికీ పక్కన సెవెరిన్,
పరిశోధన మూడో ఏడు, కళ్ళకింద నలుపు,
చెంచా కొసన చిటికెడు తెల్లపొడి.
సిలికా. మైదా కన్నా మెత్తన.
ఒక్కో రేణువు ఒంటినిండా
పద్దెనిమిది కర్బనాల పొడుగు గొలుసులు
నారు వేసినట్టు నాటి ఉన్నాయి.
ఎంత ఒత్తుగా నాటినా
మొదళ్ళ దగ్గర కాస్త నేల మిగిలిపోతుంది.
నీళ్ళు తగిలాయంటే ఆ మిగిలిన చోటే
ఉన్న ప్రోటాన్ కాస్తా ఇచ్చేసుకుంటుంది.
ఇచ్చింది తనే,
ఋణం పడ్డదీ తన పేరు మీదే.
(విద్యుత్తు లెక్కల్లో అంతే.
ఇళ్ళల్లోనూ చూశాను.)

"దీని అసలు ఆవేశం ఎంత?"
సెవెరిన్ యంత్రాన్నే అడుగుతాడు, మనిషిని అడిగినట్టు.
లేజరు కాంతిలో రేణువులు
ధన ధ్రువం వైపు నడుస్తాయి.
ఎంత చురుగ్గా నడిస్తే అంత ఋణం.

నీళ్ళలో మైనస్ నలభై ఒకటి.
సగం మిథనాల్ పోస్తే మైనస్ ఇరవై ఆరు.
ఇంకా పోస్తే పద్దెనిమిది, పదకొండు,
ప్రోటాన్‌ని వదలబుద్ధి కాదు దానికి,
చలికి దుప్పటి వదలనట్టు.
ఆరు నెలల సావాసం దేనికి,
వారు వీరు కావడానికి
ఆరు నిమిషాలు కలియబెడితే చాలు.

తర్వాత అసిటోనైట్రైల్.
అది వేరే గుణం ద్రవం, గీత వేరే దారి పట్టాలి.
పట్టలేదు.
మూడు రోజులు అవే అంకెలు, చుక్క మీద చుక్క.
సెవెరిన్ గాజు గదిని మార్చాడు,
యంత్రం అమ్మినవాణ్ణి తిట్టాడు,
పొడి పంపినవాణ్ణి తిట్టాడు,
గురువారం రాత్రి తననే తిట్టుకుంటూ
రెండు బంగాళదుంపలు తిని బల్ల మీదే పడుకున్నాడు.

శుక్రవారం పొద్దున ఫోను.
బ్రిగిదా వసారాలోకి వెళ్ళి ఎత్తింది.
కార్తూజీ ఆస్పత్రి నుంచి వాళ్ళమ్మ.
ఒక్కసారిగా ఆ గొంతు పెద్దదైంది, గరుకైంది,
నవ్వింది, కసిరింది,
పోలిష్ కాదది, కషూబియన్.
సెవెరిన్ తల తిప్పి చూశాడు,
ఈ గదిలో ఆ మనిషి ఉన్నట్టే తెలియదు అతనికి.

"ఇక్కడ మీరింత మెల్లగా మాట్లాడతారేం?"
"ఇక్కడ నన్నెవరు అలా పిలుస్తారు?"
అంది, ఫోను జేబులో వేసుకుంటూ.
ఆ జేబులో చెయ్యి అలాగే ఆగిపోయింది.

సోమవారం. ఇదే వసారా. ఇదే ఫోను.
అమ్మ జారిపడిందన్న కబురు.
రెండు సీసాలు, రెండూ తేటగా, రెండూ ఒకే ఎత్తు.
చెవికీ భుజానికీ మధ్య అమ్మ ఏడుపు.
ఏ చేత్తో ఏది పోసిందో.

"అసిటోనైట్రైల్ అని రాసుంది కదా, అది మిథనాలే.
తప్పు నాది."

సెవెరిన్ ఏమీ అనలేదు.
రెండు కాగితాలూ తీసి కిటికీ అద్దానికి ఆనించాడు.
వెలుతురులో రెండు గీతలూ ఒకటైపోయాయి.
లేబులు అబద్ధమాడింది.
పొడి మాత్రం మూడు రోజులుగా
తనెవరితో ఉందో చెబుతూనే ఉంది.

ఏ ఎండకా గొడుగని మనం మనుషుల్ని తిడతాం.
పొడిని తిట్టి ఏం లాభం?
తూకం పళ్ళెంలో పొడిగా ఉన్నప్పుడు
దాన్ని ఆ యంత్రం ఏ ప్రశ్నా అడగలేదు.

సెవెరిన్ నోటుబుక్కులో
"అసలు ఆవేశం" అన్న రెండు మాటలు కొట్టేశాడు.
పైన రాయడానికి ఏదో వెతికి, తోచక,
"అమ్మకెలా ఉంది?" అన్నాడు.
"కాలికి కట్టు కట్టారు. నోటికి కట్టలేదు."

ఆమె ఆ సీసాని మూడుసార్లు తొలిచింది.
నాలుగోసారి తన కోసం.
కొత్త లేబులు మీద పేరు రాసి,
ఆరాక,
అదే పేరు మళ్ళీ దిద్దింది.